దిగు అన్నాడట

ఆ ఏడు ఎండలు తొందరపడ్డాయి. పొద్దున ఎనిమిది కాకముందే క్రేను నిచ్చెన చేతులు కాల్చేది. అరచేతులకు గుడ్డ చుట్టుకుని ఎక్కేవాణ్ని. ఆ సైటులో నిచ్చెనకు మూడు వందల పన్నెండు మెట్లు. మీదికి చేరేసరికి చొక్కా పిండితే చెంబెడు చెమట.

మీద నా గది నిలబెట్టిన పెట్టె లాంటిది. మూడు వైపులా అద్దం, కాళ్ల కింద కూడా అద్దం. మధ్యాహ్నానికి మూకుట్లో గింజలా వేగేవాణ్ని. నీళ్ల డబ్బా ఒకటి, తడిగుడ్డ ఒకటి, ఖాళీ సీసా ఒకటి. ఖాళీ సీసా ఎందుకని అడిగినవాళ్లతో, మూడు వందల మెట్లు దిగి మళ్లీ ఎక్కి రండి, తెలుస్తుంది అనేవాణ్ని.

క్రేను నడిపేవాడికి అన్నీ కనిపిస్తాయని కిందవాళ్లు అనుకుంటారు. నగరమంతా కనిపిస్తుంది, నిజమే. నాలుగు వీధుల అవతల మిద్దె మీద ఎవరో బట్టలు ఆరేస్తుంటే కనిపిస్తుంది. కొక్కేనికి వేలాడే బరువు దిగే చోటు మాత్రం చాలాసార్లు కనిపించదు. అది మేం కడుతున్న గోడల చాటునే ఉంటుంది. అందుకే ఆ చోట ఒకడు రేడియో పట్టుకుని నిలబడతాడు. వాడు ఎత్తు అంటే ఎత్తాలి. దించు అంటే దించాలి. వాడి నోరే నా కన్ను. పంతొమ్మిదేళ్లలో అలాంటి కళ్లు ఏడు మారాయి. ఏడోవాడు మా బావమరిది.

నా భార్యకు తమ్ముడు. నా భార్య పోయి అప్పటికి మూడేళ్లు. వాణ్ని ఆ పనిలో పెట్టించింది నేనే. మా పక్క వాటాలోనే వాడూ, వాడి పెళ్లాం, ఇద్దరు పిల్లలూ ఉండేవాళ్లు.

రేడియోలో మాటలు తక్కువ. ఎత్తు, దించు, తిప్పు, ఆపు. బావా లేదు, అన్నా లేదు, సార్ లేదు. ఆ మాటలు మనిషికి కావు, యంత్రానికి. మనిషితో మాట్లాడాల్సి వస్తే వాడి గొంతే మారిపోయేది. "బావా, దిగండి, టీ చల్లారిపోతోంది" అనేవాడు. "బావా, నీళ్లు తాగారా?" అనేవాడు. నా పెళ్లినాటికి వాడికి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి ఇరవయ్యేడేళ్లు నన్ను మీరు అనే అన్నాడు. వాడి అక్క నాతో పోట్లాడి మాటలు మానేసిన రోజుల్లో కూడా వాడు నోరు జారలేదు.

నా చెవుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. మోటారు మూలుగు విని బరువు చెప్పేవాణ్ని. ఒకసారి రెండు టన్నుల చువ్వలని కట్ట కట్టి పంపారు. అడుగెత్తు లేపగానే, కాదు, ఎక్కువుంది, దించి తూచండి అన్నాను. తూస్తే రెండున్నర. ఆ రోజు నుంచి సైటులో నన్ను "చెవులాయన" అనేవాళ్లు.

ఆ నెలంతా ఇంట్లో పొద్దున పూట ఒకటే భాగోతం. అమ్మాయి ఫోను తీసి వాతావరణం చదివేది. అమ్మాయంటే నా కూతురు, ఒక్కతే. దరఖాస్తులు టైపు చేసిచ్చే కొట్లో పని దానిది.

"నలభై రెండు డిగ్రీలు. సాయంత్రం ఉరుములు మెరుపులతో వాన పడే అవకాశం నలభై శాతం," అని చదివింది ఒకరోజు.

"నలభై శాతమంటే ఏంటే? పదిమందిలో నలుగురి నెత్తిన పడుతుందా?" అన్నాను.

"అది కాదు నాన్నా..."

బావమరిది టీ గ్లాసుతో వచ్చి గడప మీద నిలబడ్డాడు. "ముప్ఫై అయిదొస్తే పాసు బావా. నలభై అంటే పాసైన వానే. గొడుగు పట్టుకోండి."

"నువ్వెన్నిసార్లు పాసయ్యావేంటి మామయ్యా?" అంది అమ్మాయి.

"నేనెప్పుడూ అవకాశం ఉన్నవాణ్నేనే. పడలేదంతే."

ముగ్గురం నవ్వుకున్నాం. నా భార్య పోయాక ఆ ఇంట్లో నవ్వంటూ ఉందంటే ఆ టీ గ్లాసు వల్లే. ఉన్నమాట ఒప్పుకోవాలి.

ఆ సాయంత్రం వాన పడలేదు. మర్నాడు యాభై అన్నారు, దుమ్ము లేచింది. ఆపై వారం ఒకరోజు అరవై అన్నారు. కొక్కెం ఖాళీ చేసి, పనంతా ఆపి, రేకుల షెడ్డు కింద సాయంత్రం దాకా ఆకాశం చూస్తూ కూర్చున్నాం. ఒక్క చినుకు రాలలేదు. చిన్న ఇంజనీరు పళ్లు నూరాడు. వయసుకు చిన్నవాడు కాదు, పైన ఇంకో ఇంజనీరు ఉన్నాడు కనక చిన్న. "మబ్బుల్లో నీళ్లు చూసి ముంత ఒలకబోసుకోవడం మన సైటుకే చెల్లింది. ఇకనుంచి శాతాలు నాకు చెప్పకండి. నీళ్లు పడ్డాక చెప్పండి," అన్నాడు. పని వెనకబడిందని పైవాళ్లు ఆయన్ను తిట్టారు. ఆయన బావమరిదిని తిట్టాడు. బావమరిది నాకు చెప్పలేదు, మొహం చెప్పింది.

పెద్దగాలి వచ్చిన రోజున మాత్రం ఇరవై శాతమే.

"ఫెయిలైన వాన," అన్నాడు బావమరిది, చెప్పులు తొడుక్కుంటూ.

ఆ రోజు పంతొమ్మిదో అంతస్తు కప్పు పోస్తున్నాం. కప్పు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ నడుమ అతుకు మిగులుతుంది. రేపు ఆ అతుకులోంచే నీరు కారుతుంది. మధ్యాహ్నం మూడున్నరకు ఇంకా ఒక మూల మిగిలింది. లిఫ్టు గోడ చాటున, నాకు కనిపించని మూల.

అప్పుడు పడమటికి చూశాను. మబ్బు నల్లగా ఉంటే జనం భయపడతారు. ఇది నల్లగా లేదు. కమిలిన దెబ్బలా పచ్చగా ఉంది. దాని కింద నగరం అంచు కనిపించడం మానేసింది. నా గది మీద గాలిని కొలిచే గిన్నెలు పొద్దుటి నుంచీ కదలనివి, ఒక్కసారి గిర్రున తిరిగి ఆగాయి.

రేడియో మీట నొక్కాను. "పడమర గాలి లేచింది. కొక్కెం ఖాళీగానే ఉంది. నేను దిగుతున్నా."

"ఉండండి బావా, సారుకి చెప్తా."

ఉన్నాను. కాసేపు గరగర.

"బావా, సారు ఇంకో రెండు బకెట్ల కాంక్రీటు అంటున్నారు."

"సారును పైకి రమ్మను. మబ్బు చూపిస్తా."

మళ్లీ గరగర. ఈసారి వాడి గొంతు తగ్గింది. "ఒక్కటి బావా. ఒక్క బకెట్టు. మూల పూడిపోతుంది. నా మాట మీద."

నేను దిగి ఉండాల్సింది. గాలి లేస్తే దిగే హక్కు క్రేను నడిపేవాడిది, ఎవడి అనుమతీ అక్కర్లేదు. దిగలేదు. సారు దగ్గర వాడికి మాట పోతుందని దిగలేదు. ఆ తప్పు నాది. దాన్ని ఇన్నేళ్లలో ఎవరి నెత్తికీ రుద్దలేదు.

"ఎత్తు," అన్నాడు. ఎత్తాను. "తిప్పు." తిప్పాను. "దించు."

సగం దిగాక గాలి కొట్టింది. పెట్టె మొత్తం పక్కకు ఒరిగింది. దుమ్ము మూడు అద్దాలనూ మూసేసింది. కాళ్ల కింద నగరం లేదు. రేడియోలో "దించు, దించు, దించు" అని వాడి కేక. దించాను. "ఆపు, ఆపు!" ఆపాను. నేను మీట ఆపితే తాడు ఆగుతుంది, దాని చివర ఊగే టన్నున్నర బరువు ఆగదు.

తర్వాత రేడియోలో మాట లేదు. అరుపు ఉంది. అది బావమరిదిది కాదు.

పొడుగు మేస్త్రీ అని ఒకాయన ఉండేవాడు. ఆయన ఎడమ కాలు బకెట్టుకూ స్తంభం చువ్వలకూ మధ్య నలిగింది. ఆస్పత్రిలో మోకాలి కింద తీసేశారు. వాన నాలుగు చినుకులు పడింది. నేల కూడా తడవలేదు.

క్రేను చేతిని గాలికి వదిలేసి దిగాను. పెద్దగాలిలో దాన్ని అలా వదిలేస్తేనే నిలబడుతుంది, బిగిస్తే కూలుతుంది. నేను పంతొమ్మిదో అంతస్తుకు వచ్చేసరికి బావమరిది తడి కాంక్రీటు పక్కన చతికిలబడి ఉన్నాడు. రేడియో ఇంకా నోటి దగ్గరే ఉంది. "బావా," అన్నాడు. పక్కన కూర్చుని వాడి వీపు నిమిరాను.

ఐదు రోజులకు విచారణ. కంపెనీ పెద్దాఫీసు నుంచి కళ్లద్దాలాయన ఒకడు వచ్చాడు. సైటు ఆఫీసు గదిలో బల్లకు అటు ఆయన, పక్కన చిన్న ఇంజనీరు. ఇటు నేనూ, బావమరిదీ. కూలరు నీళ్లు లేక వేడిగాలి చిమ్ముతోంది. ముందు బావమరిదిని అడిగారు.

"గాలి మొదలవగానే దిగు అన్నాను సార్," అన్నాడు వాడు. "మూడుసార్లు అన్నాను. దిగు, దిగు, దిగు అని. ఆయన బకెట్టు ఎత్తారు."

నా వంక చూడలేదు. గోడ గడియారానికి చెప్పాడు.

"నేనూ పక్కనే ఉన్నాను. విన్నాను," అన్నాడు చిన్న ఇంజనీరు.

కళ్లద్దాలాయన రాసుకున్నాడు. "మీరేమంటారు?"

"అనలేదు," అన్నాను.

"ఇద్దరు అన్నాడంటున్నారు."

"వాడు నన్ను దిగు అనడు సార్. దిగండి అంటాడు. తొమ్మిదేళ్ల పిల్లాడప్పటి నుంచి నన్ను మీరు అనే అంటాడు."

కళ్లద్దాలాయన ఇంజనీరు మొహం చూశాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది, దాచుకున్నారు.

"ప్రాణం మీదికొచ్చినప్పుడు మర్యాదలు గుర్తుంటాయా పెద్దాయనా?"

"ఇప్పుడెవరి ప్రాణం మీదికొచ్చింది సార్? ఇప్పుడేమన్నాడో మీరే రాసుకున్నారు, చూడండి. ఆయన బకెట్టు ఎత్తారు అన్నాడు. నా మీద నేరం చెప్పేటప్పుడు కూడా ఎత్తాడు అని వాడికి నోరు రాలేదు. అలాంటివాడు రేడియోలో దిగు అంటాడా? దించు అన్నాడు. యంత్రాన్ని అన్నాడు. దాన్నే ఇక్కడికొచ్చి దిగు చేశాడు."

మా ఊరి బడిలో మాస్టారు ఏకవచనం, బహువచనం బెత్తంతో నేర్పారు. ఇలాంటి చోట పనికొస్తుందని అనుకోలేదు. పనికి రాలేదు కూడా. ఆ గదిలో నా మాట అర్థమైంది ఒక్క బావమరిదికే. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

వాళ్లిద్దర్నీ బయటికి పంపి కళ్లద్దాలాయన నాతో మెత్తగా మాట్లాడాడు. మెత్తగా మాట్లాడేవాళ్లను అప్పటికే నేను నమ్మడం మానేశాను.

"చూడండి. దిగు అన్నది మీకు వినపడిందంటే, విని కూడా దిగలేదన్నమాట. అది పోలీసు కేసు. జైలు తప్పదు. వినపడలేదంటే వయసు. టిక్కెట్టు వెనక్కి తీసుకుంటాం, ఇంట్లో కూర్చుంటారు. ఏది రాయమంటారు?"

టిక్కెట్టంటే క్రేను ఎక్కేందుకు ఇచ్చే అనుమతి కార్డు. అది పోతే ఏ నగరంలోనూ ఏ క్రేనూ ఎక్కనివ్వరు.

"అననిది ఎలా వినపడుతుంది సార్?"

"ఈ కాగితంలో ఆ గడి లేదు పెద్దాయనా."

వినపడలేదు అన్న గడి దగ్గర వేలు పెట్టి సంతకం చేయమన్నాడు. చేయలేదు. నా చెవులు బాగున్నాయని రాసుకోండి, కేసు పెట్టుకోండి, జడ్జీ దగ్గర కూడా ఇదే చెప్తాను అని లేచి వచ్చేశాను.

బావమరిది బయట ఇసుక కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. "బావా, ఒక్క మాట వినండి."

"దిగు అనరా," అన్నాను. "గోడకు కాదు. నా మొహం చూసి ఒక్కసారి దిగు అను. నేనే వెళ్లి సంతకం చేసొస్తా."

నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"పిల్లలున్నారు బావా," అన్నాడు చివరికి. "తప్పంతా నా మీదికే వస్తుందన్నారు సారు. చిన్నపిల్లలు."

"నాకూ ఉంది పిల్ల," అని వచ్చేశాను. వాడితో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే.

ఇంటికొచ్చి అమ్మాయికి అంతా చెప్పాను. తల వంచుకుని విన్నది.

"సంతకం చేస్తే ఏం పోయేది నాన్నా?"

"పంతొమ్మిదేళ్లు పోయేవి."

"మరి కేసు పెడితే?"

"పెట్టనీ. నిజం చెప్తా."

"నమ్మొద్దూ!"

"నువ్వు నమ్ముతున్నావా లేదా?"

నా వంక చూసింది. "మామయ్య నిన్ను దిగు అనడని నాకు తెలీదా నాన్నా?" అంది.

అదొక్క మాట చాలనుకున్నాను. కడుపు నిండా తిని పడుకున్నాను.

తర్వాత వారం పది రోజులు పోలీసుల కోసం ఎదురుచూశాను. ఉతికిన చొక్కా ఒకటి తలుపు వెనక తగిలించి పెట్టుకున్నాను. ఎవరూ రాలేదు. ఈలోగా బావమరిది పక్క వాటా ఖాళీ చేసి రెండు వీధుల అవతలికి వెళ్లిపోయాడు. వాణ్ని సూపర్‌వైజరు చేశారని, ఇప్పుడు తెల్లటోపీ పెట్టుకుంటున్నాడని ఎవరో చెప్పారు. అవకాశం పడినట్టుంది.

ఎండ ఇంకా ముదిరింది. ఫోనులో శాతాలు పెరుగుతూ ఉన్నాయి. అమ్మాయి ఇప్పుడు పైకి చదవడం మానేసింది.

నెలాఖరుకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. కేసు లేదు. వినికిడి లోపం కారణంగా టిక్కెట్టు రద్దు. నేను సంతకం చేయని కాగితానికి నాకు జవాబు వచ్చింది. ఉత్తరం పట్టుకుని సైటుకు పరిగెత్తాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి లేచి, నోరంతా తెరిచి, "బాగున్నారా పెద్దాయనా! సారు లేరు! రేపు రండి!" అని అరిచాడు. వాడికేం పిచ్చిపట్టిందా అనుకున్నాను. టీ కొట్టు దగ్గర కూర్చుంటే టీ కొట్టతను నా చెవి దగ్గరికి వంగాడు. "ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, గాలొచ్చి మీ చెవుల మీద పడిందన్నమాట!" అని అరిచి, తన చతురతకు తానే నవ్వుకున్నాడు. పక్కవాళ్లూ నవ్వారు. ఒకడు, "చెవులాయనకే చెవుడా!" అన్నాడు. వాడు మామూలు గొంతుతోనే అన్నాడు, నాకు వినపడదని.

ఇదంతా బావమరిది చేసిందే అనుకున్నాను. అబద్ధం చెప్పినవాడు అతుకు వేసుకోకుండా ఉంటాడా.

మర్నాడే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. తలకు ఏదో తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. నొక్కాను. ఒక్కటి వదల్లేదు. డాక్టరు చీటీ చూసుకుని, "ఈ వయసులో ఇంత చక్కటి చెవులు నేను చూడలేదు," అని రాసిచ్చాడు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. దాంతో పెద్దాఫీసుకు పోతే కేసు మళ్లీ లేస్తుందని తెలుసు. లేవనీ అనుకున్నాను. చెవిటివాడిగా ఇంట్లో ఉండేకంటే చెవులున్నవాడిగా జైల్లో ఉంటాను. అయితే ముందు పొడుగు మేస్త్రీకి చెప్పాలి. కాలు పోయింది ఆయనది. నిజం మొదట వినాల్సింది ఆయనే.

మేస్త్రీది ఒకటే గది, ముందు సున్నపు బట్టీ. మా పేటలో ఉన్న బట్టీ అదొక్కటే. మంచం మీద కూర్చుని మోకాలి కింద కట్టు విప్పుకుంటున్నాడు. కర్ర మంచానికి ఆనించి ఉంది. నన్ను చూడగానే మొహం విప్పారింది.

"రా అన్నా! కూర్చో!" అని అరిచాడు. గిన్నెలు మోగాయి.

"మెల్లగా మాట్లాడు మేస్త్రీ. నాకు బాగానే వినపడుతుంది."

"ఆఁ, అందరూ అలాగే అంటారు! మా నాన్నా పోయేదాకా అదే అన్నాడు!" నవ్వాడు. కాలు పోయినవాడు నన్ను ఊరడించడానికి నవ్వుతున్నాడు. "నాకు నీ మీద కోపం లేదన్నా! మొదట్లో ఉండేది! దిగు అంటే దిగని మనిషేంటి, నా కాలు తీశాడు అని తిట్టుకున్నా! ఆ కాగితం చదివి వినిపించాక పోయింది!"

"ఏ కాగితం?"

"ఏంటీ?" ఆయనే నాకు చెవి ఒగ్గాడు, అలవాటు లేక.

"ఏ కాగితం మేస్త్రీ?"

"మీ అమ్మాయి రాసిచ్చింది! కేసు వద్దని నేను సంతకం పెట్టాలి కదా, అందుకని ఆఫీసువాళ్లు ఆస్పత్రికొచ్చి చదివి వినిపించారు! ఎంత బాగా రాసిందన్నా! రెండేళ్ల నుంచి నాన్నకు వినపడదు, పక్కన నిలబడి పిలిచినా పలకడు, కుక్కరు కూత పెట్టినా తెలీదు, పరువు పోతుందని ఒప్పుకోడు, పెద్దమనసు చేసుకుని వదిలేయండి అని! నాకు కళ్లనీళ్లు తిరిగాయి! చెవిటివాడి మీద కేసేంటని వేలిముద్ర వేసేశా!"

"ఎప్పుడిచ్చింది?"

"విచారణ అయిన మర్నాడేనట! మీ బావమరిదే ఆఫీసుకు వెంటబెట్టుకొచ్చాడట! బంగారం లాంటి పిల్లన్నా! నువ్వు అదృష్టవంతుడివి!"

విచారణ అయిన మర్నాడు. అంటే, నాకు తెలీదా నాన్నా అన్న మర్నాడు. ఊళ్లోవాళ్ల దరఖాస్తులన్నీ టైపు చేసే పిల్ల, నాది కూడా చేసింది.

మేస్త్రీతో ఏమీ చెప్పలేదు. చెప్పాలంటే మొదట నా కూతురు అబద్ధం రాసిందని చెప్పాలి. ఆయన కట్టు కట్టుకోలేక అవస్థపడుతుంటే చివర ముడి వేసిచ్చాను. బయటికొచ్చాక జేబులో డాక్టరు కాగితం గుర్తొచ్చింది. ఆ కాగితం పెద్దాఫీసు బల్ల మీద పడితే నా చెవులు నిలబడతాయి. అమ్మాయి పడిపోతుంది. దొంగ కాగితం ఇచ్చి కేసు మాయం చేసిందని దాన్నే లోపల వేస్తారు. ఏ గడిలో సంతకం చేయనని లేచి వచ్చానో, నన్ను మోసుకొచ్చి ఆ గడిలోనే కూర్చోబెట్టారు, మేనమామా మేనకోడలూ కలిసి.

కాగితం చింపి మురుగుకాలువలో వేశాను. కాలువలో నీళ్లు లేవు. ముక్కలు అక్కడే పడి ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం. పడమర మళ్లీ మూసుకొచ్చింది, ఈసారి నల్లగానే. అమ్మాయి అప్పుడే కొట్టు నుంచి వచ్చి తీగ మీది బట్టలు తీస్తోంది. నన్ను చూసి, "ఎక్కడికెళ్లావు నాన్నా?" అంది.

వెళ్లి కుర్చీలో కూర్చున్నాను.

బట్టలు చేత్తో పట్టుకునే దగ్గరికొచ్చింది. "ఏమైంది? ఎక్కడికెళ్లావు?"

చెప్పులు విప్పుకున్నాను. ఎడమ చెప్పుకు మేస్త్రీ ఇంటి ముందరి సున్నం అంటుకుని ఉంది. అది చూసింది. బట్టలు మంచం మీద పడేసింది.

"మేస్త్రీ చెప్పాడా?"

బయట మొదటి ఉరుము ఉరిమింది. దూరంగా, బావిలో బండరాయి దొర్లినట్టు.

నా ముందు నేల మీద కూర్చుంది. గోరు గిల్లుకుంది. తర్వాత మొదలుపెట్టింది. "నిన్ను పోలీసులు తీసుకుపోతుంటే చూడలేననిపించింది. నువ్వు సంతకం పెట్టవు. నీ సంగతి నాకు తెలుసు. మామయ్య వచ్చి ఏడ్చాడు. నీకు ఇంకో రెండేళ్లే కదా పని, ఎలాగూ దిగిపోవాల్సిందే కదా అనుకున్నా. అమ్మ లేదు. నువ్వు కూడా జైలుకెళితే నేనొక్కదాన్ని ఏం చేయను? నువ్వు ఇంట్లో ఉంటే చాలనుకున్నా నాన్నా. పేరు పోతే పోయిందిలే అనుకున్నా. తప్పే. నీ చెవుల మీద అబద్ధం రాశాను, తప్పే. ఒక్కసారి తిట్టు. కొట్టినా సరే. ఏదో ఒకటి అను నాన్నా."

వాన మొదలైంది. ఆ ఏడు మొదటి వాన. ఎదురింటి రేకుల మీద చినుకులు ఒక్కొక్కటే పడుతున్నాయి. రెండు చినుకుల మధ్య ఎంత ఎడముందో కూడా చెప్పగలను. అమ్మాయి ముక్కు ఎగబీల్చుకోవడం వినపడుతోంది. గొంతులో మింగుకున్నది కూడా వినపడుతోంది. అది చెప్పిన మాటల్లో ఒక్క అక్షరం పోలేదు.

చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాను.

"ఏమిటీ?" అన్నాను.